గోడ పక్కన మంచం

ఆఫీసులో ఆమెని అందరూ గడప మేడం అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. పిల్లల సంరక్షణ ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా ఆమె చేసే పని ఒక్కటే. పిల్లలుండే ఇళ్ళకి వెళ్ళడం, చూడడం, రిపోర్టు రాయడం. ఎన్ని గడపలు తొక్కిందో ఆమెకే గుర్తు లేదు. సంచిలో ఒక గొడుగు, ఒక కొలత టేపు, ఒక నల్ల ఇంకు పెన్ను ఉంటాయి. ఎవరింట్లోనైనా మంచినీళ్ళు తాగుతుంది కానీ టీ మాత్రం ముట్టదు. టీ తాగితే మొహమాటం వస్తుందట, మొహమాటం వస్తే లోట్లు రాయడానికి చెయ్యి రాదట.

లోట్లు రాయడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. రిపోర్టు కాగితం మధ్యలో నిలువుగా గీత ఉంటుంది. ఎడమవైపు ఇంట్లో ఉన్నవి రాయాలి, కుడివైపు లేనివి రాయాలి. ఎడమవైపు ఆమె ఎప్పుడూ ఒకే మాట రాసేది, 'సాధారణం' అని. కుడివైపు మాత్రం చోటు చాలక కాగితం వెనక్కి తిప్పి మరీ రాసేది. కప్పు కారుతోంది. కిటికీకి రెక్క లేదు. చదువుకోవడానికి బల్ల లేదు. దీంట్లో దుర్మార్గం ఏమీ లేదు. ఆ ఆఫీసు నడిచే తీరే అంత. పైవాళ్ళు కుడివైపే చదువుతారు, ఏది లేదని రాస్తే అది మంజూరు చేస్తారు. ఎడమవైపు ఒక మంచి మాట ఎక్కువ పడిందా, "వీళ్ళకి బాగానే ఉందిగా" అని ఫైలు పక్కన పడేస్తారు. కొత్తగా చేరినవాళ్ళకి ఆమె చెప్పే మొదటి పాఠం అదే.

"ఇల్లు ముచ్చటగా ఉందని రాశారనుకోండి, ఆ పిల్లల నోటికాడిది మీరు లాగేసినట్టే" అనేది.

ఆ అలవాటు ఇంటిదాకా పాకింది. ఆమె భర్త గడియారాలు బాగుచేసే మనిషి, నెమ్మదస్తుడు. "ముప్పై ఏళ్ళయింది పెళ్ళయి, నాకు ఎడమవైపు ఏమైనా రాశావా?" అని అప్పుడప్పుడూ ఆటపట్టించేవాడు. "సాధారణం అని రాశానుగా" అనేది ఆమె, కూర తరుగుతూ తలెత్తకుండానే.

ఇలా సాగిపోతుండగా ఒకరోజు ఆ ఆఫీసుకి ఎన్నడూ రాని రకం ఫైలు ఒకటి వచ్చింది. పక్క దేశంతో కొత్తగా ఒప్పందం కుదిరింది. సరిహద్దుకి అటూ ఇటూ దిక్కులేకుండా మిగిలిపోయిన పిల్లల్ని సొంతవాళ్ళ దగ్గరికి చేర్చాలన్నది ఆ ఒప్పందం. మొదటి ఫైలు ఎనిమిదేళ్ళ పాపది. మూడేళ్ళప్పుడు తల్లి ఆ పాపని చంకనేసుకుని బట్టల మిల్లులో పనికని ఆ దేశం వెళ్ళింది. రెండేళ్ళ కిందట తల్లి జ్వరంతో అక్కడే పోయింది. తండ్రి ఎవరో ఏ కాగితంలోనూ లేదు. పాపని అక్కడి ప్రభుత్వం ఒక కుటుంబం దగ్గర పెంపకానికి ఉంచింది. ఇక్కడ ఆ పాపకి ఉన్నదల్లా ఒక్క అమ్మమ్మ.

ఆ అమ్మమ్మ ఇస్త్రీ చేసి బతుకుతుంది. వీధి మలుపులో ఒకే ఒక్క గది, అందులో సగం ఇస్త్రీ బల్లే. బుధవారం బుధవారం ఆమె ఆఫీసుకి వచ్చేది. కంప్యూటరు ముందు కూర్చోబెడితే తెర మీద మనవరాలు కనిపించేది. పాప పక్కన అక్కడి అధికారిణి, ఆమె పక్కన మాటలు మార్చి చెప్పే ఒకమ్మాయి ఉండేవారు. పాప మన మాట ఇంకా మరిచిపోలేదు, కాకపోతే తడుముకుంటూ మాట్లాడేది.

"అమ్మమ్మా, నా మంచం ఏ పక్క ఉంటుంది?" అని అడిగింది ఒక బుధవారం.

"గోడ పక్కన తల్లీ. నువ్వు అటు, నేను ఇటు. ఎంత దొర్లినా నేను అడ్డం ఉంటాగా, కింద పడవు" అంది ముసలమ్మ క్షణం ఆలోచించకుండా.

తెర ఆరిపోయాక ఆమె గడప మేడం వైపు తిరిగి చిన్నగా నవ్వింది. "మంచం ఎక్కడుందమ్మా నా మొహానికి? చాప మీద పడుకుంటా. కానీ లేదని ఎలా చెప్పను?"

గడప మేడం గుండె కరిగిపోయింది. ఈ ఇంటికి ఎలాగైనా మంచం ఇప్పించాలి అనుకుంది. నిజంగా ఆమె అనుకున్నది అంతే.

మర్నాడే ఆ ఇంటికి వెళ్ళింది. టేపు పెట్టి గది కొలిచింది. ముసలమ్మ కుడికన్ను మసక అని కనిపెట్టింది. ఇస్త్రీపెట్టెలోకి వేసే బొగ్గులు గదిలోనే ఒక మూల ఉండడం చూసింది. ఇంకొకటి కూడా చూసింది. ముసలమ్మ రేకుపెట్టె తెరిచి అయిదు గౌన్లు తీసి బల్ల మీద పరిచింది. పాప వెళ్ళిపోయాక ఏడాదికొకటి కుట్టించిందట, ఈపాటికి ఇంత పెరిగి ఉంటుందని అంచనా వేసుకుని. నెలకోసారి అన్నిటినీ తడిపి మళ్ళీ ఇస్త్రీ చేసి పెడుతుందట, మడత దగ్గర చివికిపోకుండా.

"ఈ ఏడాదిది సరిపోతుందంటావా అమ్మా?" అని అడిగింది.

పాప ఎత్తు ఫైల్లో ఉంది. గడప మేడం టేపు తీసి గౌను కొలిచి చూసింది. రెండు వేళ్ళే తేడా. "మీ కళ్ళు మసకేమిటి పెద్దమ్మా, నా టేపు కంటే నయం" అంది. ముసలమ్మ మురిసిపోయి టీ పెడతానంది. వద్దని చెప్పి వచ్చేసింది.

ఆ ఇంటి రిపోర్టు ఆమె శ్రద్ధగా రాసింది. ఇరవై ఆరేళ్ళ పనితనమంతా పెట్టి రాసింది. పిల్ల పడుకోవడానికి మంచం లేదు. చదువుకోవడానికి చోటు లేదు. పెంచవలసిన మనిషికి ఒక కన్ను సరిగా కనిపించదు. గదిలోనే నిప్పుల పని. సాయంగా ఇంకో మనిషి లేదు. ఒక్కోటీ ఒక్కో మంజూరు. మంచం, బల్ల, కంటి ఆపరేషను, వీధిలో విడిగా ఇస్త్రీ బడ్డీ. ఎడమవైపు అలవాటు చొప్పున 'సాధారణం' అని రాసింది. ఆమె రిపోర్టంటే కళ్ళు మూసుకుని సంతకం పెట్టే పై అధికారి ఇదీ అలాగే పెట్టాడు. ఒక నకలు మంజూరు విభాగానికి వెళ్ళింది. ఇంకో నకలు ఒప్పందం ప్రకారం భాష మార్చుకుని సరిహద్దు దాటింది. ఆ రెండో నకలు చదివేవాళ్ళు వేరే అన్న సంగతి ఆ ఆఫీసులో ఒక్కరికీ తట్టలేదు.

మూడు నెలలకి జవాబు వచ్చింది. అక్కడి పిల్లల కోర్టు తీర్పు అది. పై అధికారి దాన్ని రెండుసార్లు చదివి ఆమె బల్ల మీద పెట్టాడు. పాపని అమ్మమ్మ దగ్గరికి పంపడం క్షేమం కాదని అందులో ఉంది. పెంచుతున్న కుటుంబానికే శాశ్వతంగా దత్తత ఇస్తున్నామని, పాప ఆ ఇంట్లో కుదురుకోవాలి కాబట్టి ఇకపై వీడియో మాటలు ఉండవని ఉంది. కారణాలు వరసగా ఉన్నాయి. మంచం లేదు. చోటు లేదు. కన్ను కనిపించదు. గదిలో నిప్పులు. అన్నీ ఆమె వాక్యాలే, పరాయి భాషలోకి పోయి తిరిగొచ్చినవి. చివర్లో ఒక మాట ఉంది. 'అమ్మమ్మ ఉండే దేశపు అధికారిణి స్వయంగా ఇంటిని చూసి, అనుకూలమైనది ఒక్కటి కూడా నమోదు చేయలేదు.'

గడప మేడం తీర్పు మడిచి పక్కన పెట్టింది. ఆ సాయంత్రమే కూర్చుని ఇంకో రిపోర్టు రాసింది. జీవితంలో మొదటిసారి ఎడమవైపు నింపింది. అయిదు గౌన్ల గురించి రాసింది. రెండు వేళ్ళ తేడా గురించి రాసింది. ఒక్క బుధవారం కూడా తప్పకుండా, తెర వెలగడానికి గంట ముందే వచ్చి బెంచీ మీద కూర్చునే మనిషి గురించి తొమ్మిది పేజీలు రాసింది. అప్పీలుకి పంపారు. దానికి జవాబు రావడానికి నెల కూడా పట్టలేదు. మొదటి రిపోర్టు తీర్పుకి ముందు రాసినది కాబట్టి నమ్మదగినదనీ, రెండోది తీర్పు మార్పించడానికి రాసినట్టుందనీ కొట్టేశారు.

అక్కడి అధికారిణి మాత్రం ఒకసారి ఫోను చేసింది. మాటలు మార్చి చెప్పే అమ్మాయి గొంతే వినపడింది ఇవతలికి. "మా మేడం ఏమంటున్నారంటే, కోర్టుకి వెళ్ళేముందు మీ కాగితం ఎడమవైపు మళ్ళీ మళ్ళీ వెతికారట. పట్టుకోవడానికి ఒక్క మాటైనా దొరుకుతుందేమోనని." ఆ తర్వాత ఫోనులో ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. అటువైపు మనిషి కూడా ఏడుస్తోందని ఈమెకి తెలుస్తూనే ఉంది.

ముసలమ్మకి చెప్పే పని ఎవరికీ అప్పగించలేదు. తనే వెళ్ళింది. ముసలమ్మ ఎవరిదో తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తోంది. విషయం విన్నాక కూడా కాసేపు ఇస్త్రీపెట్టె ఆపలేదు.

"ఎందుకు పంపరంటమ్మా?"

"నా రాత వల్ల పెద్దమ్మా. ఇది లేదు, అది లేదు అని రాశాను. మీకు అవన్నీ ఇస్తారని రాశాను."

"ఆ గౌన్లు చూశావు కదమ్మా నువ్వు."

"చూశాను."

"టేపు పెట్టి కొలిచావు కదా."

"కొలిచాను."

"మరి రాయలేదా?"

"రాయలేదు."

ముసలమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో అని గడప మేడం ఆ తర్వాత వంద సార్లు అనుకుంది. ముసలమ్మ బల్లకి ఆనుకుని అలాగే నిలబడిపోయింది. చొక్కా కాలిన వాసన వస్తే గడప మేడమే ఇస్త్రీపెట్టె ఎత్తి పక్కన పెట్టింది.

ఇంటికొచ్చి భర్తకి చెప్పుకుంది. ఆయన చేతిలో ఉన్న గడియారం పక్కన పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఎడమవైపు మాట ఆయన మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

ఇంకో మూడు వారాలకి మంజూరు విభాగం నుంచి మంచం వచ్చింది. ఆ ఆఫీసులో ఏ కాగితం ఏ కాగితంతోనూ మాట్లాడదు. ఇనప మంచం, పరుపు, చిన్న బల్ల. అప్పగించి సంతకం తీసుకురావడం కూడా గడప మేడం పనే. మోసుకొచ్చిన మనుషులిద్దరూ గుమ్మంలో నిలబడి ఎక్కడ వెయ్యాలని అడిగారు.

"గోడ పక్కన" అంది ముసలమ్మ. "దానికి అలాగే చెప్పాను."

మంచం వేశాక గదిలో నిలబడడానికే చోటు లేకపోయింది. ముసలమ్మ ఇస్త్రీ చేసిన దుప్పటి ఒకటి తెచ్చి, ముడత లేకుండా పరిచింది. తర్వాత టీ పెట్టింది. గడప మేడం ఈసారి వద్దనలేదు. మంచం మీద కూర్చోవడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. దాని పక్కనే నేల మీద కూర్చుని తాగారు.

కాగితం తీసింది గడప మేడం. ముసలమ్మ వేలిముద్ర వేసింది. కింద అధికారి నింపవలసిన గడి ఒకటుంది. 'లోటు తీరినదా?' ఆమె పెన్ను మూత తీసి చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది.

"ఏం అడుగుతున్నారమ్మా అందులో?" అంది ముసలమ్మ.

చదివి చెప్పింది. ముసలమ్మ గోడ పక్కనున్న మంచం వైపు చూసింది. బాగా కనిపించే కన్నూ, మసక కన్నూ రెండూ ఒక్కలాగే నిండాయి.

"తీరిందని రాసెయ్యమ్మా" అంది. "లేదని రాస్తే దీన్ని కూడా తీసుకుపోతారు."

గడప మేడం తీరిందని రాసింది.