బియ్యం డబ్బాలో షెర్రీ సీసా

మా అమ్మాయి పుట్టినరోజుకి తెచ్చిన కేకు సగానికి సగం మిగిలిపోయింది. ఇక్కడ అమెరికాలో, మా ప్లేనోలో ఎవరింట్లో ఫ్రిజ్ తెరిచినా ఇదే కథ. పారేయడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. ఆ మాటే పక్కింటి ఇంగ్లండ్ పెద్దావిడతో అన్నాను. మణికట్టు విరిగి ఆవిడ చేతికి కట్టుంది. ఆదివారం మా పిల్లలు వస్తున్నారు, ఆ కేకుతో నా బదులు నువ్వు ట్రైఫిల్ చేసిపెట్టు అని చేతిలో ఓ షెర్రీ సీసా పెట్టింది. అడుగున కేకు ముక్కలు, అవి తడిసేలా ఆ ద్రాక్షసారా, పైన పళ్లు, కస్టర్డ్, క్రీము. షెర్రీ పోయకపోతే అది ట్రైఫిలే కాదట.

మా ఇంట్లోకి మందు రాకూడదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెబితే ఎందుకని అడుగుతుంది. మా ఆయన తాగుడు మానేసి ఏడు నెలలైంది. ఈసారి మొదలుపెడితే మనిషి దక్కడని డాక్టరు నా ఎదుటే చెప్పింది. ఈ సంగతి వీధిలో ఎవరికీ తెలీదు, తెలియనివ్వలేదు నేను.

సీసాని స్వెటర్ కింద పెట్టుకుని దొంగలా ఇంట్లోకొచ్చాను. మా వైపు ఆడవాళ్లకి దాచడమంటే ఒకటే చోటు. మా అమ్మ గొలుసు దాచినా, నేను పాస్‌పోర్టులు దాచినా బియ్యం డబ్బాలోనే. అడుగుకంటా దోపి, పైన బియ్యం సర్ది, కస్టర్డ్ పొడి కోసం కారు తీశాను.

ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు గుర్తొచ్చింది. మానేసిన దగ్గర్నుంచీ సాయంత్రాలు ఆయనకి గడవడం కష్టం. చేతులు ఊరికే ఉండకూడదని వంట తన మీద వేసుకున్నారు. ఇంట్లో బియ్యం కొలిచేది ఆయనే!

ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను. కారు వెనక్కి ఎలా తిప్పానో, ఇంటిదాకా ఎలా వచ్చానో నాకు తెలీదు.

కుక్కర్‌లో అన్నం ఉడుకుతోంది. డబ్బాలో చెయ్యి పెడితే సీసా లేదు.

ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నారు, ఎదురుగా సీసా.

"మూత తీయలేదు, చూసుకో" అన్నారు.

చూసుకున్నాను. సీలు తడిమాను, వెలుతురుకెత్తి కూడా చూశాను. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా చూశాను.

"పక్కింటావిడ ఇచ్చిందండీ, ట్రైఫిల్‌లోకి. నాకు వద్దనడం చేతకాలేదు."

"నాకు చెప్పచ్చుగా. బియ్యంలో ఎందుకు పెట్టావ్?"

"మీకు కనబడదని."

నవ్వబోయి ఆగిపోయారు. "నేనూ అందుకే అక్కడ పెట్టేవాణ్ణి, మూడేళ్లు. నువ్వెప్పుడూ పైపైనే కొలుచుకునేదానివి."

మూడేళ్లు ఆ సీసాల మీది బియ్యమే వండి, పిల్లకీ ఆయనకీ వడ్డించాను. ఫ్రిజ్ వెనకా, కారు డిక్కీలోనూ వెతికాను కానీ, అక్కడ వెతకాలని తోచనే లేదు.

సీసా, కేకు పట్టుకుని పక్కింటికి వెళ్లాను. "మా ఇంట్లో మందు ఉండకూడదండీ" అన్నాను ఇంగ్లీషులో. ఆవిడ నా మొహం చూసి ఇంకేం అడగలేదు. "అయితే ఇక్కడే చేద్దాం" అని గాజుగిన్నె తీసింది. కేకు మీద షెర్రీ పోస్తుంటే వాసన గుప్పుమంది. ఒకప్పుడు మా పడగ్గదిలో ఉండే వాసన అది. ఇంటికి రాగానే చేతులు మూడుసార్లు కడుక్కున్నాను.

భోజనాల దగ్గర ఆయన తలెత్తకుండా అన్నారు. "రేపట్నుంచి బియ్యం నువ్వే తియ్యి. ఇవాళ చెయ్యి పెడితే సీసా తగిలింది. ఇంక రోజూ నా చెయ్యి దానికోసమే వెతుకుతుంది."

అప్పట్నుంచి నేనే కొలుస్తున్నాను. పైపైన కాదు, మోచేతిదాకా చెయ్యి పెట్టి, డబ్బా అడుగు తగిలేదాకా.