పసుపు పూసిన మెమరీ కార్డు

మొన్న తల్లాడలో బస్సు కోసం నిలబడి ఫోన్ చూస్తుంటే, మా చిన్నప్పటి వీడియో గేమ్ మిషన్‌లో వచ్చిన రోల్ ప్లేయింగ్ గేముల్లో మేటి పదింటి జాబితా ఒకటి కనిపించింది. అక్కా నేనూ ఆడిన గేముకు ఏడో స్థానం ఇచ్చాడు ఆ రాసినవాడెవడో. ఒళ్ళు మండింది. వాడు ఆడి ఉండడు. బస్సెక్కి సీటు దొరికినా కోపం దిగలేదు. అది వాడి మీది కోపం కాదనీ, మా నాన్న మీద ఎప్పటి నుంచో ఉన్నదేననీ జూలూరుపాడు దాటాక అర్థమైంది.

నాన్న బొగ్గు గనిలో ఫిట్టరు. మాది కొత్తగూడెం దగ్గర కంపెనీ క్వార్టరు. పాత సామాన్ల దుకాణం నుంచి ఆ మిషన్‌ను తెచ్చింది కూడా ఆయనే కాబట్టి పూర్తిగా తిట్టడానికీ లేదు. అక్కా నేనూ ఆడింది ఒకటే గేము. ఊరూరా తిరగాలి, అడిగినవాళ్ళకు సాయం చేయాలి, దెబ్బలు తింటూ బలం పెంచుకోవాలి, చివరికి కోటలోని రాక్షసుణ్ణి చంపాలి. అందులోని మనుషులకు పేర్లు మనమే పెట్టుకోవచ్చు. కత్తి పట్టినవాడికి అక్క ‘నాన్న’ అని పెట్టింది, మందులిచ్చే ఆమెకు ‘అమ్మ’ అని. తెర మీది ఇంగ్లీషును డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి నాకు చెప్పేది: "ఈ ముసలాయన ఏమంటుండంటే, అడవి దాటేదాక ఎవ్వల్ని నమ్మకుండ్రి అంటుండు." ఎండాకాలం సెలవుల్లో మొదలుపెట్టి దసరా నాటికి కోట గుమ్మం దాకా వచ్చాం. అంతదూరం వచ్చిన సంగతి దాచి ఉన్నది అగ్గిపెట్టెంత మెమరీ కార్డులో. పండగైన ఎనిమిది రోజులకు అక్క నర్సింగ్ చదువుకు వరంగల్ వెళ్ళిపోతుంది. ఆలోపు రాక్షసుడు చావాలి.

దసరా పొద్దున నాన్న ఆయుధపూజకు కూర్చున్నాడు. పానాలు, సుత్తె, సైకిలు, అమ్మ కుట్టుమిషను, అన్నిటికీ పసుపు పూసి బొట్లు పెట్టాడు. పిల్లల పనిముట్టును ఎందుకు వదలాలనుకున్నాడో, మా మిషన్‌ను తడిబట్టతో తుడిచి, కార్డును పీకి బకెట్లో ముంచి, సందుసందుల్లోకీ పసుపు పట్టించి, కుంకుమ పెట్టి మళ్ళీ దాని చోట్లో దోపాడు. మేం ఆన్ చేస్తే కార్డే లేదని తెర మీద వచ్చింది.

నేను ఏడ్చి, అరిచి, అనరాని మాట అన్నాను. నాన్నకు అసలు ఏమైందో అర్థం కాలేదు. "ఏంది బిడ్డా, మంచికే చేసిన గద. పోతే పోయింది, మల్ల మొదటి నుంచి ఆడుకోండ్రి. ఏమైతది?" అని నవ్వాడు. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు. అక్క కార్డును చున్నీతో తుడుస్తూ "ఊకో, నాన్నకేం తెల్సు" అంది. అలా అన్నందుకు ఆమె మీదా కోపమొచ్చింది.

కొత్తగూడెమంతా వెతికినా అలాంటి కార్డు దొరకలేదు. కార్డు లేకుంటే మిషన్ ఆపగానే ఆడిందంతా పోతుంది. ఆ ఎనిమిది రోజులూ రోజూ మొదటి ఊరి నుంచే బయలుదేరాం. అడవి దాటకముందే కరెంటు పోయేది. చివరి రోజు అక్క ఎవరికీ పేర్లు కూడా పెట్టలేదు.

నాన్న రిటైరయ్యాడు. ఇప్పుడు గుర్తుచేసినా అదే నవ్వు, అదే "ఏమైతది?" అక్క దవాఖానా డ్యూటీల మధ్య పండక్కి ఒక పూట వచ్చి, తిని, పడుకుని వెళ్తుంది. ఆ గేము ఇప్పుడూ దొరుకుతుంది, మొదటి నుంచి ఎన్నిసార్లయినా ఆడుకోవచ్చు. కానీ ఏమైందో నాన్నకు ఎలా చెప్పను? ఆ తర్వాత అక్కా నేనూ ఒకే ఇంట్లో వరసగా ఎనిమిది రోజులు మళ్ళీ ఎన్నడూ లేం.