మగ్గాల వాడలో కెమెరా

మా ఆఫీసు బోర్డు మీద పేరు చాలా పొడుగ్గా ఉండేది. వ్యక్తిగత సమాచారం, గోప్యత, పరిరక్షణ అంటూ పెద్ద పెద్ద మాటలు. మహబూబ్‌నగర్‌లో కలెక్టరు కార్యాలయం మెట్ల పక్కన రెండు బల్లలు మాత్రమే పట్టే గది మాది. ఒక బల్ల మా సారుది, ఇంకొకటి నాది. బోర్డు చదివి లోపలికి వచ్చినవాళ్లు పింఛను గురించో రేషన్ కార్డు గురించో అడిగేవాళ్లు. అది ఇక్కడ కాదంటే, మరి మీరేం చేస్తారన్నట్టు చూసి వెళ్లిపోయేవాళ్లు. ఒకరోజు పక్కగది అటెండరు ఎవరికో దారి చెబుతూ "గా గుట్టు ఆఫీసు పక్కకెళ్లి పో" అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. మొదట్లో చిన్నతనంగా అనిపించింది కానీ, బోర్డు మీదున్న పేరు కంటే అదే నయం. మనిషికి ఒక గుట్టు ఉంటుంది. అది బజారున పడకుండా చూడటమే మా పని.

కొత్త జిల్లాలు వచ్చి, ప్రతి పనీ ఫోన్లోకీ కంప్యూటర్లోకీ మారుతున్న రోజులవి. జిల్లాలు విడిపోయినా పాత మహబూబ్‌నగర్ జిల్లా అంతటికీ మా ఆఫీసే, నేను ఊళ్లు తిరిగి చెప్పేదాన్ని. ఆధార్ కాగితం అడిగిన ప్రతివాడికీ ఇవ్వకండి, ఫోనుకు వచ్చిన నంబరు ఎవరికీ చదివి వినిపించకండి, మీ ఫోటో తీసేవాళ్లు ఎందుకో చెప్పి తియ్యాలి అని. మాది కల్వకుర్తి దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు కాబట్టి నా మాట ఊళ్లలో పరాయిగా వినిపించేది కాదు. అయినా విన్నవాళ్లు తల ఊపి లేచిపోయేవాళ్లు. నేను చెప్పింది ఎవరికైనా పనికొచ్చిందో లేదో తెలియకుండానే బస్సెక్కేదాన్ని.

నారాయణపేట దగ్గర ఒక నేతగాళ్ల ఊళ్లో అలాగే మీటింగు పెట్టాను. సొసైటీ హాలు నిండా ఆడవాళ్లు. అయిపోయాక అందరూ వెళ్లిపోయారు. ఒకామె మాత్రం గుమ్మం దగ్గర ఆగింది. ముప్పై దాటని మనిషి, చేతివేళ్లకు ఇంకా ఎర్రరంగు ఉంది.

"మేడం, నాదొక ముచ్చట. గిది మీ ఆఫీసు కిందికి వస్తదో రాదో నాకు ఎరుకలేదు" అంది.

"చెప్పు. రాకపోతే ఎవల కిందికి వస్తదో నేనే చెప్త."

"మా వాడ మూలకు స్తంభం మీద సీసీ కెమెరా పెట్టిండ్రు. అది మా జాలారులకు సూస్తది."

వాళ్ల ఇళ్లలో స్నానానికి, గిన్నెలు తోమడానికి పెరట్లో ఉండే చోటును జాలారు అంటారు. షాబాదు బండలు నిలబెట్టి చుట్టూ దడిలా కడతారు. పైన కప్పు ఉండదు. కింద నడిచే మనిషికి ఏమీ కనబడదు. స్తంభం ఎత్తు నుంచి చూస్తే అంతా కనబడుతుంది.

"నువ్వు చూసినవా?" అని అడిగాను.

"నేనెట్ల చూస్త మేడం? టీవీ పంచాయితి ఆఫీసుల ఉన్నది. ఆడ ఎప్పుడు మొగోళ్లే కూసుంటరు. నాకు మరిది వరసాయన ఒకడు నవ్వుకుంట అడిగిండు, ఏం వదినా, నిన్న జాలారు బండ మీద కొత్త చీర ఏసినవ్, సుట్టాలొచ్చిండ్రా అని. గా బండ తొవ్వల పోయెటోళ్లకు కనబడది. గప్పటి సంది నాకు పానం పానంల లేదు."

అప్పటి నుంచి ఆమె తెల్లవారకముందే, చీకట్లో స్నానం చేస్తోంది. మోకాళ్ల నొప్పులున్న అత్త కూడా లేచి వచ్చి, కోడలి తల మీదుగా దుప్పటి పట్టుకుని నిలబడుతోంది. ఈ సంగతి మగవాళ్లెవరికీ చెప్పలేదట. చెబితే గొడవలవుతాయని భయం.

"అయితే కెమెరా తీసెయ్యమని అడుగుదామా?"

ఆమె వెంటనే తల అడ్డంగా ఊపింది. "వద్దు మేడం. అది పెట్టినంక పట్టు దారం దొంగతనాలు బందైనయి. కెమెరా ఉండాలె. మమ్ముల చూడొద్దు, గంతే."

ఇన్నేళ్లూ నేను పుస్తకాల భాషలో చెబుతూ తిరిగిన విషయం ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది. ఆ మాట పట్టుకుని ఆమె వెంటే వాడలోకి నడిచాను.

అది మగ్గాల వాడ. ఇళ్ల లోపల మగ్గాల చప్పుడు ఆగకుండా వస్తోంది. అరుగులు మాత్రం ఖాళీగా ఉన్నాయి. ఇంతకుముందు ఆడవాళ్లు అరుగుల మీద రాట్నాలు పెట్టుకుని, కండెలకు దారం చుట్టుకుంటూ మాట్లాడుకునేవాళ్లట. ఇప్పుడు గాలి ఆడని గదుల్లో చేసుకుంటున్నారు. ఆమె అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "పగలు తానం చేసుడే మరిచిపోయినం బిడ్డా" అంది. ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు. ఉన్న సంగతి చెబుతున్నట్టు ఉంది. అందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది.

అక్కడి నుంచి నేరుగా సర్పంచి దగ్గరికి వెళ్లాను. యాభై ఏళ్ల మనిషి, ఊరి కోసం నిజంగా తిరిగేవాడు. కెమెరాలు ఆయన పట్టుబట్టి తెప్పించినవి. పంచాయతీ ఆఫీసులో గోడకు పెద్ద టీవీ, దాని ముందు కుర్చీల్లో నలుగురైదుగురు మగవాళ్లు, టీ గ్లాసులు. టీవీ నిండా చిన్న చిన్న గళ్లు, ఒక్కో గడిలో ఊరి ఒక్కో మూల. నేను విషయం చెప్పాను, ఎవరు చెప్పారన్నది చెప్పకుండా.

"ఊరి మంచికి పెట్టినం మేడం. తప్పు చెయ్యనోళ్లకు కెమెరాతోని భయమేంది?" అన్నాడు.

"సర్పంచి సాబ్, తానం చేసుడు తప్పా?"

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "గంత దూరంకెల్లి ఏం కనబడతది? చూడుండ్రి, మనుషులు చీమలోలె ఉన్నరు. ఎవలో మీకు లేనిపోని ఫికర్ పెట్టిండ్రు."

కుర్చీల్లో ఉన్నవాళ్లు నవ్వారు. నేను లేచి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక కూడా ముఖం మండుతూనే ఉంది.

మర్నాడు మా సారుకు చెప్పాను. ఆయన నిదానస్థుడు. అంతా విని, "కలెక్టరు గారి నుంచి ఆర్డరు తెప్పిస్తే రేపే కెమెరా తిరుగుతది. నువ్వు ఇటు రాంగనే మళ్లొకడు తిప్పుతడు. ఆ ఊరు తనకు తాను తిప్పుకుంటేనే నిలుస్తది" అన్నాడు.

అది మనసులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. ఆ వాడ ఆడవాళ్లలో ఒక్కరు కూడా ఆ టీవీని చూడలేదన్న సంగతి అప్పుడు తట్టింది. సర్పంచికి ఫోను చేసి, మగ్గాల వాడ ఆడవాళ్లకు ఒకసారి టీవీ చూపిస్తారా, కెమెరాలు బిగించినాయనను కూడా పిలిపిస్తారా అని అడిగాను. ఆయన సంబరపడిపోయాడు.

"తప్పకుండ రమ్మనుండ్రి మేడం. మనం చేసిన పని వాళ్లకు గూడ తెలవాలె గద."

ఆ రోజు ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. కొందరు చీరలు మార్చుకుని, కొందరు పని మధ్యలోంచి లేచి. ఎప్పుడూ కూర్చునే మగవాళ్లు కుర్చీలు వదిలి గోడ వారన నిలబడ్డారు. నారాయణపేట నుంచి వచ్చిన కెమెరా మేస్త్రీ వాళ్ల వాడ గడిని తెర నిండా పెద్దది చేశాడు.

మొదట అందరూ నవ్వారు. గది మా గుమ్మం, గది మా మేక అంటూ వేలు పెట్టి చూపించుకున్నారు. సర్పంచి ముఖం వెలిగిపోతోంది. "ఇంకా దగ్గరికి తియ్యి" అని ఆయనే మేస్త్రీకి చెప్పాడు. మేస్త్రీ దగ్గరికి తీశాడు. నిలబెట్టిన షాబాదు బండలు, వాటి మధ్య తడి నేల, స్నానాల పీట, నీళ్లు కాగబెట్టే రాగి గుండిగ తెర మీదికి వచ్చాయి.

నవ్వులు ఆగిపోయాయి. కోడలు తల దించుకుంది. అత్త మాత్రం లేచి, మోకాలు పట్టుకుంటూ టీవీ దగ్గరికి నడిచింది.

"గీ గుండిగ మాదే" అంది. ఇంకా దగ్గరికి వంగింది. "కొడుకా, దాని మీది సొట్ట గూడ కనబడుతాంది."

ఆమె గొంతు పెంచలేదు. సర్పంచి తెర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆయన ముఖంలోని వెలుగు పోయి, ఇంకేదో వచ్చింది. గోడ వారనున్న మగవాళ్ల వైపు తిరిగి, "అందరు బయటికి నడువుండ్రి" అన్నాడు. ఒకడు ఏదో అనబోయాడు. "నడువుమన్న గద" అని ఆయనే వాళ్లను పంపి, తలుపు వేసి వచ్చాడు. వచ్చి, అత్త ముందు నిలబడి, "నాకు ఎరుకలేదు పెద్దమ్మా. నిజంగ ఎరుకలేదు" అన్నాడు.

"నీకెట్ల ఎరుకైతది కొడుకా, గా జాలారుల నువ్వు తానం చెయ్యవాయె" అంది ఆమె. గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో గట్టిగా బిగుసుకున్నదేదో వదులైంది.

సర్పంచి నన్ను అడిగాడు, "ఏం చేద్దాం మేడం?"

"నన్ను కాదు, వాళ్లను అడుగుండ్రి."

కెమెరా తల కిందికి దించి రోడ్డు వైపు తిప్పవచ్చనీ, అప్పటికీ ఇళ్ల లోపలివి కనబడితే ఆ భాగం తెర మీద నల్లగా మూసేయవచ్చనీ, మూసింది రికార్డు కూడా కాదనీ మేస్త్రీ చెప్పాడు. ఠాణావాళ్లను అడగాలని సర్పంచి అంటే, అక్కడే ఫోను కలిపాం. రోడ్డు కనబడితే చాలు, ఇళ్లు మాకెందుకు అన్నారు వాళ్లు.

మేస్త్రీ స్తంభమెక్కి కెమెరా తిప్పి వచ్చాడు. రోడ్డు తెర మధ్యకు వచ్చింది, కానీ ఒక పక్క జాలారులు ఇంకా కొద్దిగా కనబడుతున్నాయి. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని మౌస్ కదిపితే తెర మీద నల్లటి గడి ఒకటి పుట్టింది.

"జర ఇటు జరుపు" అంది కోడలు. "ఇంకా. గా బండ దాంక."

కాసేపటికి మేస్త్రీ మౌస్ ఆమె చేతికే ఇచ్చేశాడు. పోగులు సరిచేసే వేళ్లు కదా, గడి అంచును బండ అంచుకు వెంట్రుకవాసి తేడా లేకుండా ఆనించింది. ఇక చూడాలి ఆ గది. మా పెరడు మూయమని ఒకామె, మాది వద్దు, అక్కడే దారం ఆరేస్తాం, దొంగ వస్తే కనబడాలి అని ఇంకొకామె. అరుగులు మూయాలా వద్దా అన్న దగ్గర పెద్ద వాదన నడిచింది. "మా ఆయన ఏ యాళ్లకు ఇంటికొస్తడో ఊరందరికి ఎందుకు?" అని ఒకామె అంటే, "నాకైతే తెలవాలె, మూయకు" అని పక్కామె అంది. అందరూ విరగబడి నవ్వారు. చివరికి అరుగులు మూయాలనీ, గుమ్మాల ముందు తొవ్వ కనబడాలనీ తేల్చుకున్నారు. గోప్యత గురించి నేను ఎన్నో మీటింగులకు వెళ్లాను. అంత బాగా నడిచిన మీటింగు ఇంకోటి చూడలేదు.

"మరి ఇన్నొద్దులు తీసిందంత ఏడికి పోయింది?" అని అత్త అడిగింది. పాతదంతా ఇంకా రికార్డు పెట్టెలో ఉందని మేస్త్రీ చెప్పాడు. "తుడిచెయ్యి" అన్నాడు సర్పంచి. తుడిచేదాకా ఆడవాళ్లు ఒక్కరు కూడా కదలలేదు. వెనక్కి తిప్పి చూపించమన్నారు. మేస్త్రీ తిప్పి చూపించాడు. ఆ వాడ గడిలో ఏమీ లేదు. అప్పుడు లేచారు.

టీవీని బీరువాలాంటి చెక్కపెట్టెలో పెట్టి రెండు తాళాలు వేయాలన్న ఆలోచన సర్పంచిదే. ఒక తాళంచెవి పంచాయతీలో, రెండోది మగ్గాల వాడలో. దొంగతనం జరిగితేనే తెరవాలి, ఇద్దరూ ఉంటేనే తెరుచుకోవాలి. రెండోది ఎవరికివ్వాలో అడగనక్కరలేకుండా అందరూ అత్త వైపు చూశారు. ఆమె దాన్ని కొంగుకు ముడివేసుకుని, మోకాలి నొప్పి లేనట్టే నడిచి ఇంటికి వెళ్లింది.

కొన్ని వారాల తర్వాత ఆ ఊరు వెళ్లాను. ఎండ బాగా ఉంది. అరుగుల నిండా రాట్నాలు, మాటలు. వీధి పొడవునా రంగు వేసిన పడుగు దారాలు చాచి, ఇటు ఇద్దరు అటు ఇద్దరు దువ్వుతున్నారు. కోడలు తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని ఎదురొచ్చింది.

"మిట్ట మధ్యాహ్నం తలకు పోసుకున్న మేడం" అంది. పరీక్ష పాసైన పిల్ల చెప్పినట్టు చెప్పింది. మంచిదని చెప్పి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

సర్పంచి మండల మీటింగులో ఈ సంగతి తనంతట తానే లేచి చెప్పాడట. "మా ఊళ్లె కెమెరాకు గూడ మర్యాద ఎరుకే" అన్నాడట. అది కలెక్టరు చెవిన పడింది. జిల్లాలో ప్రతి ఊళ్లోనూ కెమెరాలు ఎటు చూస్తున్నాయో అక్కడి ఆడవాళ్లను కూర్చోబెట్టి చూడాలని మా గదికి మాట వచ్చింది. మా సారు ఆ రోజు టీ తెప్పించి, అటెండరును కూడా కూర్చోబెట్టుకుని తాగాడు.

అక్కడి నుంచి నాకు తీరిక లేకుండా పోయింది. నారాయణపేట చుట్టూ ఊళ్లు, మక్తల్ వైపు, అటు నల్లగొండ సరిహద్దు దాకా. కొన్నిచోట్ల సర్పంచులు గొణిగారు, కొన్నిచోట్ల నేను నోరు తెరవకముందే ఒప్పుకున్నారు. ప్రతిచోటా టీవీ ముందు ఆడవాళ్లను కూర్చోబెట్టాను.

అలంపూర్ దగ్గర తుంగభద్ర ఒడ్డు ఊరు ఒకటి ఉంది. అక్కడి పొదుపు సంఘం ఆడవాళ్లు ఫోను చేసి, మా దగ్గర కెమెరా రేవుకు చూస్తోంది, రండి అన్నారు. బస్సులు మారి, ఎండలో నడిచి వెళ్లేసరికి రచ్చబండ దగ్గర పదిమంది కూర్చుని ఉన్నారు. ఏ పంచాయతీ ఆఫీసు, ఎవరితో మాట్లాడాలి అని నేను సంచి దించకుండానే అడిగాను.

"అయిపోయింది మేడం" అంది వాళ్లలో ఒకామె. "మీకు ఫోన్ చేసినంక ఆగబుద్ధి కాలే. అందరం కలిసి పోయినం, టీవీ చూసినం, తిప్పిచ్చినం. నారాయణపేట దిక్కు ఫలానా ఊళ్లె గిట్ల చేసిండ్రంట అని చెప్తే సర్పంచే మేస్త్రీని పిలిచిండు."

"మరి నన్నెందుకు రానిచ్చిండ్రు? ఫోన్ల చెప్తే అయిపోవు గద" అన్నాను.

"మీరు చూస్తరని" అంది ఆమె.

నన్ను రేవుకు తీసుకెళ్లారు. మెట్ల మీద ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు, స్నానాలు చేస్తున్నారు, గట్టిగా మాట్లాడుకుంటున్నారు. పైన స్తంభం మీద కెమెరా వాళ్లకు వీపు పెట్టి రోడ్డు కాపలా కాస్తోంది. నేను చెప్పులు విడిచి, కింది మెట్టు మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టాను.