పిన్ను విరిగిన ప్రాసెసర్

మా ఇంట్లో కంప్యూటర్ ముందు గదిలో, కుట్టుమిషన్ పక్కన ఉంటుంది. దాని మీద నేను చీరల అంచులకు, కొంగులకు డిజైన్లు గీస్తాను. నేను పుట్టింది సిరిసిల్లలో. మా నాన్న, బాపు, ఇప్పటికీ అక్కడ ఒక సేటు షెడ్డులో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను మా వైపు అలాగే అంటాం. పెళ్లయి లక్సెట్టిపేటకు వచ్చాక నేతపని చప్పుడు దూరమైంది గానీ పని మాత్రం ఈ తెర మీదుగా నాతోనే వచ్చింది. సేటు చెప్పిన పువ్వులు, నెమళ్లు, మామిడి పిందెలు గళ్లు గళ్లుగా నింపి పంపిస్తే, అక్కడ దాని ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టించి మగ్గం మీదికి ఎక్కిస్తారు. గడి ఒకటి తప్పితే చీర పొడుగునా ఆ తప్పు కనబడుతూనే ఉంటుంది.

ఒక ఎండాకాలం చివర్లో కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. డిజైన్ల సాఫ్ట్‌వేర్ కొత్తది వేయించుకున్నాను, దాన్ని ఈ పాత మిషన్ మోయలేకపోయింది. అంచు వరకు బాగానే ఉండేది. కొంగు మొత్తం ఒకేసారి తెరిస్తే తెర మీద బాణం కదిలేది కాదు. ఒక రంగు మార్చమని చెప్పి, వంటింట్లోకి వెళ్లి పప్పుకు పోపు పెట్టి వచ్చినా ఇంకా అక్కడే తిరుగుతూ ఉండేది. మంచిర్యాలలో చూపిస్తే డబ్బా మొత్తం మార్చుకోవాల్సిందే అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. అందులో డిస్కు కొత్తది, మెమరీ సరిపడా ఉంది. వెనకబడింది ప్రాసెసర్ ఒక్కటే. అది మార్చడం ఎలాగో వీడియోల్లో చూశాను. ప్రాసెసర్‌ను పట్టి ఉంచే లివరు ఎత్తడం, పాతది తీయడం, కొత్తది పెట్టడం, లివరు దించడం. వాటిలో ఎవరి చెయ్యీ వణకలేదు.

ఆ కంప్యూటర్ కొన్నది కరీంనగర్‌లో. ఆ దుకాణానికే వెళ్లి, నా మదర్‌బోర్డు పేరు చెప్పి, వాడిన ప్రాసెసర్ ఒకటి తెచ్చుకున్నాను.

"గదే సాకెట్ అక్కా. మంచిగ కూసుంటది. ఫికర్ చెయ్యకు," అన్నాడు కౌంటర్ దగ్గరున్న ఆయన.

కూర్చుంటుందన్నంత వరకు ఆయన చెప్పింది నిజమే.

మా ఆయనకు విత్తనాల దుకాణం ఉంది. తొలకరి ముందు ఆయనకు తల ఎత్తే తీరిక ఉండదు. "ఎవరన్న తెలిసినోళ్లతోని చేయిస్తే అయిపోతుండె," అని ఒకసారి అన్నారు. ఆయన ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఒక ఆదివారం భోజనాలయ్యాక డబ్బాను మంచం మీద పడుకోబెట్టి మూత తీశాను. ప్రాసెసర్ మీద ఒక ఫ్యాను, దాని కింద అల్యూమినియం దిమ్మ ఉంటాయి. ముందు వాటిని తీయాలి. స్క్రూలన్నీ ఊడదీసి దిమ్మను పైకి లాగాను. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాను. అది ఒక్క కుదుపుతో ఊడి చేతిలోకి వచ్చింది. తిప్పి చూస్తే దాని అడుగున ప్రాసెసర్ అతుక్కుని ఉంది. లివరు ఎత్తక ముందే సాకెట్‌లోంచి పెరుక్కుని వచ్చేసింది. వేడిని దిమ్మకు చేరవేయడానికి రెంటి మధ్య ఒక పేస్టు రాస్తారు. ఇన్నేళ్లకు అది ఎండి బంకలా పట్టేసింది. ప్రాసెసర్ అడుగున దువ్వెన పళ్లలా నిలబడాల్సిన పిన్నుల్లో ఒక మూల ఉన్నవన్నీ పక్కకు వాలిపోయాయి.

కిటికీ దగ్గర కూర్చుని కుట్టుమిషన్ సూదితో వాటిని ఒక్కొక్కటే నిలబెట్టాను. దాదాపు అన్నీ నిలబడ్డాయి. చివరిది విరిగింది.

మా అత్తమ్మ బియ్యం ఏరుతూ నన్నే చూస్తోంది. "ఏమైంది బిడ్డా?"

"ఒక పిన్ను విరిగింది అత్తమ్మా."

"ఒక్కటే గదా. ఇంక గన్ని ఉన్నయి."

నేనూ అలాగే అనుకున్నాను. ఎలాగూ కొత్తది పెడుతున్నాను, పాతదాంతో ఇక పనేముంది అనిపించింది. కొత్తది సాకెట్‌లో పెడితే చక్కగా దిగింది. పేస్టు రాసి, దిమ్మ బిగించి, స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది. దీపం వెలిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

చీకటి పడేదాకా దానితోనే గడిచింది. మెమరీ తీసి మళ్లీ పెట్టాను. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ తీసి కాసేపాగి పెట్టాను. తెర వైరు మార్చాను. ఫ్యాను తిరగడం, తెర వెలగకపోవడం, అంతే. మర్నాడు దుకాణానికి ఫోన్ చేశాను.

"మీ బోర్డు జర పాతది గదా అక్కా. దానికి గీ ప్రాసెసర్ ఎరుక లేదు. బయాస్ అప్‌డేట్ చెయ్యాలె," అన్నాడాయన.

బయాస్ అంటే బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రాం. ఏ ప్రాసెసర్‌ను గుర్తుపట్టాలో దానికి తెలిసి ఉండాలి.

"అది ఎట్ల చెయ్యాలె?"

"పాత ప్రాసెసర్ పెట్టి చేసుకుని, గప్పుడు కొత్తది ఎక్కించాలె."

"గా ముచ్చట ఆనాడే చెప్పకపోతివి."

"నువ్వు అడగలే గదా అక్కా."

విరిగిన పిన్నుతో పాతదాన్ని మళ్లీ పెట్టి చూశాను. కొన్ని పిన్నులు లేకపోయినా నడుస్తాయని ఎక్కడో చదివాను. నా చేతిలో విరిగింది అలాంటిది కాదు. ఇప్పుడు ఇంట్లో రెండు ప్రాసెసర్లు ఉన్నాయి, ఒక్కటీ పనికిరాదు.

సేటు కొత్త చీరల ఆర్డర్ ఒకటి పట్టుకున్నాడు. దాని కొంగు డిజైన్ సగం నా మిషన్‌లో ఉండిపోయింది. ఆ వారం బాపు ఫోన్ చేశాడు.

"సేటు అడుగుతుండు బిడ్డా, డిజైన్ ఎప్పుడొస్తదని."

"మిషన్ ఖరాబైంది బాపూ. జర ఆలస్యమైతది. మీకు పనున్నదా మరి?"

"ఉన్నది. పాత రకమే నడుపుతున్నం. నువ్వు పరేషాన్ కాకు."

పగటిపూట బాపు షెడ్డు నుంచి మాట్లాడితే సాంచాల మోతలో ఒక్క ముక్కా వినబడదు, అరవాల్సి వస్తుంది. ఆ రోజు ఆయన షెడ్డు నుంచే మామూలు గొంతుతో మాట్లాడాడు. వెనక ఎవరో దగ్గడం కూడా నాకు వినబడింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ డబ్బా ముందే కూర్చున్నాను.

మళ్లీ కరీంనగర్‌కు ఫోన్ చేసి, నా పాతదాని లాంటి ప్రాసెసర్ ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగాను. వాళ్ల దగ్గర లేదు. నా కంప్యూటర్‌తో పాటే అచ్చం అలాంటి కంప్యూటరే ఇంకొకటి మెట్‌పల్లిలో ఒక ఫోటో స్టూడియోకు ఇచ్చామని చెప్పి, ఆ స్టూడియో ఆయనను అడిగి నంబర్ పంపించారు.

స్టూడియో ఆయన తెలుగు నెమ్మదిగా, ఉర్దూ కలిపి మాట్లాడాడు. నా కథంతా విన్నాడు.

"అంటే నా దాంట్ల నుంచి తీసి మీ దాంట్ల పెట్టాల్నా?"

"కొద్దిసేపే భాయ్. పనైపోంగనే మీది మీకు బిగించి ఇస్తా."

"ఇంతకుముందు మీరు తీసిండ్రా ఎప్పుడన్న?"

"ఒక్కసారి తీసిన. గది విరిగింది."

ఒప్పుకుంటాడా, ఫోన్ పెట్టేస్తాడా అని ఎదురుచూశాను.

"పెండ్లి వీడియో పని నడుస్తుంది నాకు," అన్నాడు చివరికి. "శుక్రవారం నమాజ్ అయినంక రాండ్రి. గా పూట గిరాకి తక్కువ."

విత్తనాల గిరాకీ జోరు మీదుంది కాబట్టి మా ఆయన రాలేకపోయారు. అత్తమ్మ వస్తానంది. డబ్బాను పాత దుప్పటిలో చుట్టి బస్సెక్కాం. రాయపట్నం వంతెన దాటుతున్నప్పుడు కుదుపులకు దాన్ని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాను. గోదావరిలో నీళ్లు అక్కడక్కడా మడుగులుగా ఉన్నాయి. కండక్టర్ దుప్పటి వైపు చూసి టీవీనా అని అడిగాడు. "మా కోడలి పని సామాను," అంది అత్తమ్మ. జగిత్యాలలో బస్సు మారి మెట్‌పల్లి చేరేసరికి నా చేతులు తిమ్మిరెక్కాయి.

స్టూడియో కింద, ఇల్లు పైన. ఆయనకు యాభై దాటి ఉంటాయి, గడ్డం నెరిసింది. ఆయన భార్య చాయ్ తెచ్చి, వెళ్లిపోకుండా తలుపు దగ్గరే నిలబడింది. కంప్యూటర్ చూడగానే నాకు ఇంట్లో ఉన్నట్టనిపించింది. అదే నల్ల డబ్బా, ముందు అదే గీత.

"ముందుగాల నా ఫైళ్లు పక్కకు తీసుకుంటా. ఏమనుకోకు చెల్లె," అన్నాడు.

"తీసుకోవాలె భాయ్. తీసుకోకపోతే నేనే ముట్టుకోను."

ఫైళ్లు పక్క డిస్కులోకి పోయాక, పెళ్లి వీడియోను మిషన్ మీద కాసేపు నడిపించమన్నాను. ఎందుకని అడిగాడు. ప్రాసెసర్ వేడెక్కితే పేస్టు మెత్తబడుతుందని చెప్పాను. ఆ సంగతి నాకు ముందు తెలియదని, విరిగాకే తెలుసుకున్నానని కూడా చెప్పాను. ఆయన భార్య ఏదో ప్రార్థన మెల్లగా చదువుకోవడం మొదలుపెట్టింది.

మిషన్ ఆపి, స్క్రూలు తీసి, ఈసారి దిమ్మను లాగలేదు. ఎడమకూ కుడికీ నెమ్మదిగా తిప్పాను. మొదట్లో అది కదలలేదు. ఆయన వంగి చూస్తున్నాడు. మళ్లీ తిప్పాను. కొంచెం జారింది. ఇంకొంచెం జారి విడిపోయింది. ప్రాసెసర్ సాకెట్‌లోనే ఉంది. లివరు ఎత్తి దాన్ని తీసి, వెల్తురులో పట్టుకుని ఆయనకు పిన్నులు చూపించాను. అన్నీ నిటారుగా ఉన్నాయి.

"ఇగ జల్దీ కానీయ్," అన్నాడు.

దాన్ని నా బోర్డులో పెడితే ఇన్నాళ్ల తర్వాత తెర వెలిగింది. పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న ఫైలు ఎక్కించడం మొదలుపెట్టాను. అది నడుస్తున్నప్పుడు కరెంటు పోతే బోర్డే పోతుంది. నేను ఆ సంగతి ఆయనకు చెబుతుండగానే పోయింది. పైన ఫ్యాను ఆగింది. బల్ల కింద యూపీఎస్ కీచుమంది. తెర మీద గీత మాత్రం ఆగకుండా నింపుకుంటూ పోయింది. గీత చివరికి చేరే వరకు అందరం దాన్నే చూస్తూ ఉన్నాం.

కరెంటు వచ్చాక ముందు ఆయనది ఆయనకు బిగించాను. పాత పేస్టును స్పిరిట్‌తో తుడిచి కొత్తది రాసేసరికి నేను తెచ్చిన దూది అంతా అక్కడే అయిపోయింది. ఆయన మిషన్ మామూలుగా మేల్కొంది. పెళ్లి వీడియో తెరిచి, అటూ ఇటూ జరిపి చూసుకుని ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. తర్వాత నాది. స్విచ్ వేస్తే తెర చాలాసేపు నల్లగానే ఉంది. నేను చెయ్యి స్విచ్ మీదికి తీసుకెళ్లాను.

"జర ఆగరాదు బిడ్డా," అంది అత్తమ్మ.

ఆగాను. అక్షరాలు వచ్చాయి.

వాళ్లు మమ్మల్ని తినకుండా కదలనివ్వలేదు. ఆయన ఏమీ తీసుకోలేదు. దారిలో అత్తమ్మ నిద్రపోయింది.

రెండు మూడు రోజుల్లో కొంగు పూర్తిచేసి పంపాను. తెరిస్తే వెంటనే తెరుచుకుంది. రంగు మారిస్తే అప్పుడే మారింది. అట్టలు కొట్టించి మగ్గాలెక్కించాక మా అమ్మ, అవ్వ, ఫోన్ చేసి, మధ్యలో షెడ్డు ఆగే ఉందని, బాపు రోజూ పొద్దున్నే వెళ్లి ఊరికే కూర్చుని వచ్చేవాడని చెప్పింది. నీకు చెప్పొద్దన్నాడు అంది. నాకు తెలుసని చెప్పలేదు.

కొత్త ప్రాసెసర్‌కు వేడి ఎక్కువ. దాని ఫ్యాను మోతకు టీవీ వినబడటం లేదని అత్తమ్మ కొన్నాళ్లు సణిగింది. తర్వాత పెద్ద ఫ్యాను ఒకటి తెచ్చి బిగించాను.

దసరా దాటాక మెట్‌పల్లి నుంచి ఫోన్ వచ్చింది. ఆయనా నా కొత్తదాని లాంటి ప్రాసెసరే తెప్పించుకున్నాడు. నేను వస్తానన్నాను. వద్దు, తానే చేస్తానన్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆయన భార్య పట్టుకుంది. ముందు బయాస్ అప్‌డేట్ చేయించాను. తర్వాత ఒక్కో స్క్రూ దగ్గరా ఆయన ఆగి అడిగాడు, నేను చెప్పాను. వేడిచేసిండ్రా అని అడిగితే, చేసినం చెల్లె, ఇంకా ఉడుకుగనే ఉన్నది అన్నాడు. మధ్యలో గిరాకీ వస్తే, ఆమె వాళ్లను వాకిట్లోనే ఆపి, ఆయన పనిల ఉన్నడు, జర కూసోండ్రి అని చెప్పడం వినబడింది.