అక్క సున్నంతో పోసుకున్న అర్ర

పోయిన వారం జనగామలో అక్క ఇంటి ముందున్న రేకుల పందిరికి మున్సిపాలిటీ వాళ్లు ఎర్రరంగు గుర్తు పెట్టి పోయారు. రోడ్డు వైపు వదలాల్సిన జాగాలో ఉందట, తీసేయాలట. ఆ పందిరి కిందే అక్క కుట్టుమిషను. చూడవచ్చిన చిన్నమ్మ ఎప్పటి మాటే అంది. "గప్పుడే మిషనుకు ఒక అర్ర ఏసుకుంటె గీ పరేషాన్ ఉండునా? మా అల్లుడు పైసను పట్టుకుంటె ఇడువడు." బావ నవ్వాడు. ఏళ్లుగా ఆయన మీద ఉన్న ఆ మాట నిజం కాదు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో బావ భూపాలపల్లి దగ్గర చెల్పూర్‌లో కరెంటు ప్లాంటు కట్టే పనిలో ఉండేవాడు. జనగామలో సన్నని ప్లాటు కొని, ఇటుక, ఇనుప సలాకలు దించాడు. మేస్త్రీ గదుల కొలతలకు నేల మీద సున్నంతో ముగ్గు పోశాడు. ముందర మిషను అర్ర, వెనక రెండు అర్రలు. తీరా ప్లాను గీసే ఆయన, రోడ్డు వైపు జాగా వదిలితేనే పర్మిషన్ వస్తుందన్నాడు. మిషను అర్ర కావాలంటే పిల్లర్లు లేపి పైన వేయాలి, ఖర్చు పెరుగుతుంది. ఓవర్‌టైము చేసైనా వేస్తానన్నాడు బావ. ఆపింది నేను. మహబూబాబాద్‌లో ఎరువుల దుకాణంలో పని చేస్తూ, సాయంత్రాలు దీక్షా శిబిరంలో కూర్చుని, లోకంలో నాకు తెలియనిది లేదనుకునే కాలం అది.

"బావా, జర ఆగు. తెలంగాణ రానీ. గీ రూల్సన్నీ పోతయి. కిందనే కట్టుకోవచ్చు."

"నీకెవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పాలె? మన రాజ్యం, మన రూల్సు."

అక్క నా వైపే మాట్లాడింది. "తమ్ముడు నాలుగూర్లు తిరుగుతడు. ఆగుదాం."

ఆగారు. వానకు ముగ్గు కొట్టుకుపోయినప్పుడల్లా అక్క సున్నం తెచ్చి తన అర్ర వరకు మళ్లీ పోసుకునేది, లోపల ఊడ్చేది కూడా. సెలవుకు వచ్చినప్పుడు బావ ఆ గీతలు దాటేవాడు కాదు. తలుపు కోసం విడిచిన సందులోంచే వెళ్లేవాడు. ఒకసారి నేను అడ్డంగా నడిస్తే, "ఏందిరో బామ్మర్ది, గోడలకెళ్లి వస్తున్నవ్, తల్కాయ పగుల్తది" అన్నాడు.

తెలంగాణ వచ్చింది. రంగులు చల్లుకున్నాం. ఆ రంగులు కడుక్కుని ప్లాను గీసే ఆయన దగ్గరికి పోతే, అదే టేపు, అదే కొలత. వదలాల్సిన జాగా అంగుళం తగ్గలేదు. ఈలోగా ఇసుక, కూలి పెరిగాయి, సలాకలు తుప్పు పట్టాయి. ఉన్న డబ్బు కింది రెండు అర్రలకే సరిపోయింది. ముందర వదిలిన జాగాలో రేకుల పందిరి వేసి అక్క మిషను పెట్టుకుంది. చుట్టాలు బావను పిసినారి అన్నారు. ఆయన నా పేరు తీయలేదు, నేనూ నోరు తెరవలేదు.

నిన్న రేకులు విప్పడానికి నేనే పోయాను. మిషను లోపల మంచం పక్కకు చేరింది, ఇక అక్క పగలు కూడా లైటు వేసుకుని కుట్టాలి. చిన్నమ్మను కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. ఆమె, "గిన్నేండ్లు నాతోని ఆయన్ను తిట్టిపిచ్చినవా?" అంది. అక్క కల్పించుకుని, "ఆగుదామన్నది నేను గాదా" అంది. బావ మాత్రం చివరి రేకు భుజాన పెట్టుకుని, ఖాళీ అయిన జాగాలో తిన్నగా రాకుండా, చుట్టూ తిరిగి ఒకప్పుడు ముగ్గులో తలుపు సందు ఉన్న చోటి నుంచి లోపలికి పోయాడు. కట్టని గోడలను కూడా కాలం అంత తొందరగా కూల్చదు.