మొక్కల బండితో భీమవరం ఎఫ్.సి. మైదానానికి

మా తమ్ముడు రమణ సెకండ్ హ్యాండ్ మినీ లారీ కొన్న రోజున పాత యజమాని చల్లగా ఒక మాట చెప్పాడు. "ఎఫ్.సి.కి ఇంకా బోల్డంత టైముందండి. దసరా దాకా ఆ ఊసే అక్కర్లేదు." అక్కాతమ్ముళ్లం ఇద్దరం గంగిరెద్దుల్లా తలలూపాం. కాగితాలకు పసుపు, కుంకుమ పెట్టి దేవుడి గూట్లో దాచాం. కోరుకొండ వెళ్లి స్వామివారి కొండ కింద బండికి పూజ చేయించాం, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు తొక్కించాం. స్వామి చూసుకుంటాడులే అనుకున్నాం. స్వామికి ఎఫ్.సి. తేదీలతో ఏం పని?

నా పేరు నాగమణి. కడియం దగ్గర మాకు చిన్న నర్సరీ ఉంది. మా ఆయన మొక్కలకు అంట్లు కడతారు, బేరాలు నేను చూసుకుంటాను. నా నోరు కాస్త పెద్దదని మా వీధిలో అందరూ అంటారు, నేనూ కాదనను. రమణ నా తర్వాత చాలా ఏళ్లకు పుట్టాడు. ఊహ తెలిసిన దగ్గర్నించీ వాడి తరఫున నేనే మాట్లాడేదాన్ని. స్టీరింగు పట్టుకుంటే వాడికి ఎంత ధైర్యమో, కొత్త మనిషి ఎదురుగా నోరు విప్పాలంటే అంత బెరుకు. ఏళ్ల తరబడి పరాయి లారీలు తోలి, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఈ బండి సొంతం చేసుకున్నాడు.

ఒక బుధవారం సాయంత్రం నేను బండికి పట్టిన బురద కడుగుతున్నాను. డ్రైవర్ వైపు తలుపు కింద పెయింటుతో రాసిన అక్షరాలు బయటపడ్డాయి. ఎఫ్.సి. ఫలానా తేదీ వరకు అని ఉంది. ఫలానా తేదీ అంటే దసరా కాదు, ఎల్లుండి శుక్రవారం! నా గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే శనివారం తెల్లవారగానే రమణ బండికి మొదటి పెద్ద లోడు ఉంది. శ్రీకాకుళం వైపు కొత్తగా వేస్తున్న తోటకు మామిడి అంట్లు. మొక్కలు పంపే షావుకారుగారు ముందే తెగేసి చెప్పారు. "కాగితాలన్నీ సరిగ్గా ఉంటేనే నీ బండి పెడతాను బాబూ. పని నచ్చితే సీజనంతా నీకే. ఏదన్నా తేడా వస్తే ఇంకో బండి చూసుకుంటాను." సీజను పోతే రమణ మళ్లీ పరాయి లారీ ఎక్కాల్సిందే. ఆ రాత్రి వాడు అన్నం కలిపాడే గాని ముద్ద ఎత్తలేదు.

గురువారం పొద్దున్న బస్సెక్కి రాజమండ్రి వెళ్లి రవాణా ఆఫీసులో అడిగాం. కౌంటరులో కూర్చున్న ఆయన ఓపిగ్గా కాగితాలు చూసి చెప్పారు. "బండి భీమవరంలో రిజిస్టరు అయ్యిందమ్మా. పేరు, అడ్రసు మారేదాకా అక్కడే చేయించుకోవాలి. ఇక్కడే కావాలంటే వాళ్ల దగ్గర్నించి పర్మిషన్ తేవాలి. అంత టైము మీకు లేదు. రేపు పొద్దున్నే వెళ్లిపోండి."

ఇది చదివి బండి కొనబోయేవాళ్ల కోసం రెండు ముక్కలు. ఎఫ్.సి. అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఇచ్చే సర్టిఫికెట్. అద్దెకు తిరిగే కొత్త బండికి మొదట రెండేళ్లకు ఇస్తారు, ఆ తర్వాత ఏటేటా చేయించాలి. తేదీ కాగితంలోనూ ఉంటుంది, బండి మీదా రాసి ఉంటుంది. అమ్మినవాడి నోటిని మాత్రం నమ్మకండి.

శుక్రవారం ఇంకా వెలుగు రాకముందే లేచాం. ఇక్కడ మా కడియం పద్ధతి ఒకటి చెప్పాలి. నర్సరీ బండి ఖాళీగా ఊరు దాటకూడదు. ఖాళీగా పంపితే ఏడాదంతా ఖాళీగానే తిరుగుతుందని మా పెద్దల మాట. పైగా భీమవరం అవతల ఉండి అనే ఊళ్లో కొత్త ఇల్లు కట్టుకున్న ఒక రాజుగారికి మందారాలు, కాగితం పూల మొక్కలు, క్రోటన్లు, జామ అంట్లు పంపాల్సి ఉంది. ఎలాగూ అటే వెళ్తున్నాం కదా అని అన్నీ ఎక్కించేశాం. బయల్దేరే ముందు మొక్కలకు కడుపునిండా నీళ్లు పట్టడం మరో పద్ధతి. అదీ నా చేత్తోనే చేశాను. ఆరు కాకుండానే హైవే ఎక్కాం, బండి వెనక నీళ్లు కారుతూనే ఉన్నాయి.

జొన్నాడ దగ్గర గోదావరి గౌతమి పాయ దాటేసరికి సూర్యుడొచ్చాడు. రావులపాలెంలో టీ తాగుతుంటే పంచె కట్టుకున్న అరటికాయల వ్యాపారి ఒకాయన వచ్చి, "పాలకొల్లు దాకా ఎక్కించుకుంటారా చెల్లెమ్మా? బస్సు తప్పిపోయింది" అన్నారు. పెద్దాయన కదా అని నేను మధ్యకు జరిగాను. సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ దాటుతుండగా ఆయన అడిగారు.

"ఈ మొక్కలెక్కడికి తీసుకెళ్తన్నారు?"

"భీమవరంలో ఎఫ్.సి. చేయించి, అటునించి ఉండి వెళ్తామండి."

"ఎఫ్.సి.కి ఎవరన్నా లోడుతో వెళ్తారేంటి చెల్లెమ్మా? ఖాళీ బండి కదా చూపించాలి!"

"మా బండి, మా మొక్కలు. మీకేంటండి ఇబ్బంది?" అన్నాను. ఆయన నవ్వేశారు. రమణ మాత్రం నా వైపు ఒకసారి చూసి మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు.

పెనుగొండ దాటాక రోడ్డు పక్కన ఆగి ఇడ్లీ తిన్నాం. అల్లం పచ్చడి ఎంత బాగుందంటే, రేపు ఏమవుతుందోనన్న బెంగలోనూ రెండోసారి వేయించుకున్నాను. మార్టేరు మీదుగా పాలకొల్లు వెళ్లాక వ్యాపారిగారు దిగి, "అంతా మంచే జరుగుద్దిలే చెల్లెమ్మా, నోరొక్కటి కాస్త అదుపులో పెట్టుకో" అని దీవించి వెళ్లారు. వీరవాసరం దాటితే ఇక రెండు పక్కలా చేపల చెరువులే. మేత బస్తాల ట్రాక్టర్లు, ఐసు బళ్లు, కాలేజీ పిల్లల మోటారు సైకిళ్లు, వీటి మధ్య నుంచి దారి చేసుకుంటూ పది దాటేసరికి భీమవరం చేరాం.

తనిఖీ మైదానం కనుక్కోవడం కష్టం కాలేదు. ఆటోలు, వ్యాన్లు, లారీలు వరసగా ఎటు నిలబడితే అదే. ఎఫ్.సి. చూసే అధికారిని జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. ఆయన ఒక్కో బండి దగ్గరకూ నడిచి వచ్చి ఛాసిస్ నంబరు, హారను, లైట్లు, టైర్లు చూసి, ఆ తర్వాత నడిపించి బ్రేకులు చూస్తున్నారు. మధ్యాహ్నం ఒంటిగంట వరకే చూస్తారట. మా వంతు వచ్చేసరికి పదకొండు దాటింది.

ఆయన బండి వెనక్కి వెళ్లి నిలబడిపోయారు. "ఏంటమ్మా, తోటంతా ఎత్తుకొచ్చేశారు?"

"మొక్కలేనండి. పాపం ఏమీ అనవు," అన్నాను.

"లోడుతో చూడనమ్మా. ఖాళీ చేసి తీసుకురండి."

అప్పుడు లేచింది నా నోరు. "ఇన్ని మొక్కలు ఎక్కడ దింపమంటారండి? మీ బల్ల మీదా? కడియం నించి చీకట్లో లేచి వచ్చాం. రేపు వీడి బతుకు తేలిపోద్ది. మీకేమో..."

ఆయన పెన్ను జేబులో పెట్టుకుని వెనక బండి దగ్గరకు వెళ్లిపోయారు. వరసలో ఉన్న డ్రైవర్లంతా మా వైపే చూస్తున్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ లక్షసార్లు చెప్పి ఉంటుంది. చెవిన పెడితేగా! నిలువునా వీడి కొంప నేనే ముంచాననుకున్నాను.

రమణ బండి దిగి వచ్చాడు. అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు. "అక్కా, ఆ గోడ నీడలో మొక్కలు దింపుదాం, నువ్వు వాటిని చూసుకో. నేను మాట్లాడతాను," అన్నాడు.

నువ్వా, అనబోయి ఆపుకున్నాను.

వాడు బండి వరసలోంచి తీసి గోడ పక్కన ఆపి వెనక తలుపు దించాడు. ఇద్దరం దింపడం మొదలుపెట్టాం. మా వెనక ఆగిన ఐసు వ్యాన్ డ్రైవరు తన బండి తనిఖీ అయ్యాక చూస్తూ చూస్తూ ఉండి, "ఏంటండీ, ఇలాగైతే సాయంత్రమవుద్ది" అంటూ చొక్కా చేతులు మడుచుకుని వచ్చాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకరి చేతిలోంచి ఒకరు కుండీలు, సంచులు అందుకుంటూ గోడ పొడుగునా పేర్చేశారు. కాసేపట్లో ఆ ఎండిపోయిన మైదానంలో ఒక మూల పచ్చగా అయిపోయింది. తమ వంతు వచ్చేదాకా డ్రైవర్లంతా ఆ మొక్కల పక్కనే గొంతుక్కూర్చుని, ఏది ఎప్పుడు పూస్తుందని నన్ను అడగడం మొదలుపెట్టారు. నా భయం నాకుంది. అయినా మొక్క గురించి అడిగితే చెప్పకుండా ఉండలేను కదా.

ఇంతలో రమణ లైట్లన్నీ వేసి చూసుకున్నాడు. వెనక ఎడమ వైపు ఇండికేటరు వెలగలేదు. విప్పి చూస్తే లోపల నీళ్లు! పొద్దున్న నేను మొక్కలకు పట్టిన నీళ్లే దారంతా కారి దీపంలోకి దిగాయి. నేను తల పట్టుకున్నాను. ఐసు వ్యాన్ డ్రైవరు నవ్వాడు. "మా ఐసు బళ్లకిది రోజూ ఉండే గోలేనండి. రోడ్డవతల ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, పట్టుకొస్తాను."

ఎలక్ట్రీషియన్ వచ్చి లోపలంతా తుడిచి, కొత్త బల్బు వేసి, నీళ్లు మళ్లీ దిగకుండా చుట్టూ రబ్బరు బిగించాడు. ఇండికేటరు వెలిగింది. టైము చూస్తే పన్నెండున్నర. నా కళ్లు ఆ ఇన్‌స్పెక్టరుగారి జేబులోని పెన్ను మీదే ఉన్నాయి.

రమణ ఆయన దగ్గరకు వెళ్లాడు. నేను నాలుగడుగుల దూరంలో మందార కుండీల వెనక నిలబడి విన్నాను. "ఖాళీ చేశానండి. ఒక్కసారి చూస్తారా? వెనక ఇండికేటరులోకి నీళ్లెళ్లి ఆగిపోయిందండి. ఇప్పుడే బాగుచేయించాను. అది కూడా మీరు సరిగ్గా చూడండి."

ఆయన వాడి మొహంలోకి చూశారు. "ఇప్పుడు వెలుగుతోంది కదా. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. ఎందుకు చెప్పావు?"

"రేపు నా వెనక వచ్చేవాడికి నేనెటు తిరుగుతున్నానో తెలియాలి కదండి. మీరు చూసి బాగుందంటే నాకూ ధైర్యంగా ఉంటాదండి."

వాడు అంత పెద్ద మాట కొత్త మనిషితో చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. నాకు దుఃఖమొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ కుండీల వెనక రెండూ కలిసే వచ్చాయి.

ఇన్‌స్పెక్టరుగారు ఆ ఇండికేటరు మూడుసార్లు వేయించి చూశారు. తర్వాత రమణ పక్కన ఎక్కి కూర్చుని మైదానం చివరిదాకా నడిపించారు. అంత దూరాన బండి ఒక్కసారిగా ఆగింది, దుమ్ము లేచింది. బ్రేకు పట్టిందా, లేదా? నేను కోరుకొండ స్వామిని తలుచుకున్నాను. బండి తిరిగొచ్చింది. ఆయన దిగి జేబులోంచి పెన్ను తీసి కాగితాల మీద సంతకం పెట్టారు. "బ్రేకులు బాగా ఉంచుకున్నావు. వైపరు రబ్బరు మార్చు, వానలొస్తున్నాయి." నా వైపు తిరిగి, "అమ్మా, ఈసారి తోట ఇంటి దగ్గర వదిలి రండి" అన్నారు. నేను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. "తప్పైపోయిందండి" అని కూడా అన్నాను. నా నోటికి ఆ మాట అలవాటు లేదు.

గేటు బయట కూర్చునే పెయింటరు పాత తేదీ చెరిపి వచ్చే ఏటి తేదీ రాశాడు. ఎలక్ట్రీషియనుకు డబ్బులతో పాటు జామ అంటు ఒకటి, ఐసు వ్యాన్ డ్రైవరుకు ఎర్ర మందారం ఇచ్చాను. మిగతావాళ్లూ తలో మొక్క పట్టుకెళ్లారు. మిగిలిన మొక్కలు మళ్లీ ఎక్కించుకుని ఉండి చేరాక, రాజుగారికి ఆ లోటు చెబితే, "దానికేముందండి, తర్వాత ట్రిప్పులో పంపండి" అని మజ్జిగ ఇప్పించారు. తిరిగి భీమవరం వచ్చి హోటల్లో కొర్రమేను పులుసుతో భోజనం చేశాం. రమణ బుధవారం రాత్రి తిననిదంతా కలిపి తిన్నాడు. పక్కనే ఉన్న ఎస్.టి.డి. బూతు నుంచి షావుకారుగారికి ఫోన్ కలిపి నేను మాట్లాడబోయాను. రిసీవరు వాడే తీసుకున్నాడు. "ఎఫ్.సి. అయిపోయిందండి. తెల్లారేసరికి బండి మీ గేటు దగ్గరుంటాది." అవతల నుంచి ఆయన ఏమన్నారో గాని వాడి మొహం వెలిగిపోయింది.

సాయంత్రం ఖాళీ బండితో తిరుగు ప్రయాణం. ఖాళీ బండి ఊరు దాటకూడదన్న మాట గుర్తొచ్చినా నోరు మెదపలేదు. ఈ దారిన వెళ్లబోయేవాళ్లకు నేను చెప్పగలిగేది ఇంతే. తేదీ ముందే చూసుకోండి, నాలుగు రోజులు మిగిల్చుకుని వెళ్లండి, బండి ఖాళీగా పెట్టుకోండి. అక్కడి మనుషులు మనం అనుకున్నంత చెడ్డవాళ్లేం కాదు.

సిద్ధాంతం వంతెన మీదకు వచ్చేసరికి చల్లగాలి మొదలైంది. కింద ఇసుక తిన్నెల మధ్య వశిష్ఠ ఎర్రబడి ఉంది. రమణ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "అక్కా, వచ్చే ఏడాది ఎఫ్.సి.కి నువ్వు రానక్కర్లేదు. నేనొక్కణ్ణే వెళ్లొస్తాను."

ఇంకెప్పుడైనా అయితే ఈ మాటకు ఇంటిపైకప్పు లేపేదాన్ని. ఆ సాయంత్రం కళ్లు తుడుచుకుని, "ఏరా, నా నోటికి జడిసిపోయావా?" అన్నాను.

"అది కాదక్కా. ఇవాళ నేను బానే మాట్లాడాను కదా?"

"ఆయ్, బానే మాట్లాడావురా," అన్నాను.

అంతే. ఇక కడియం వచ్చేదాకా వాడే మాట్లాడుతూ ఉన్నాడు.