పురుగులకు ఇచ్చిన వెచ్చని సీటు

మా నాయన జీపుకు తలుపులు లేవు. ఒకప్పుడు ఉండేవంటారు, నేను నమ్మను. పటాలం వాళ్లు దానితో ఏ యుద్ధం చేశారో గానీ, చూస్తే ఓడిపోయిన వైపున ఉన్నదని తెలిసిపోయేది. వేలంలో కొనుక్కొచ్చి నాయన దాన్ని సంతలకు బాడుగకు తిప్పేవాడు. ఎద్దులబండ్ల వాళ్లు వెనకనుంచి వచ్చి, "రోంత పక్కకు తియ్యప్పా, మాకు పనుండాది" అని దారి అడిగి ముందుకు పోయేవారు.

అనంతపురంలో చలేమిటని నవ్వేవాళ్లను మార్గశిరంలో, పొద్దు పొడవకముందు, ఆ జీపులో రాయదుర్గం నుంచి బెళుగుప్ప దాకా కూర్చోబెట్టాలి. దిగేటప్పుడు వాళ్లను మడత విప్పి దించాల్సి వస్తుంది. చెట్టు అడ్డంలేని ఆ మెట్టల మీద గాలి కర్ణాటకలో బయలుదేరి, దారిలో ఎవరినీ పలకరించకుండా నేరుగా మా జీపులోకే వచ్చి కూర్చునేది.

ఆ జీపులో వెచ్చని చోటు ఒక్కటే. నాయన పక్క సీటు ముందర, కింద రేకులో అరచేయంత బొక్క. ఇంజను వేడి అందులోంచి పైకి వచ్చేది. దాని మీద ఎడమ కాలు పెట్టుకున్నవాడికి ఎడమ కాలిలో వైశాఖం, కుడి కాలిలో పుష్యం. ఆ సీటు కోసం మా ఇంట్లో జరిగినన్ని యుద్ధాలు ఆ జీపు పటాలంలో కూడా చూసి ఉండదు.

నాయనకు మాత్రం బొక్కతో పనిలేదు. ఆయనకు బీడీ ఉంది. చలికాలంలో మా జీపు వెనకనుంచి ఒక పొగ, ముందునుంచి ఒక పొగ వదిలేది. ఎదురుగా వచ్చేవాళ్లకు ఇంజను ఎటువైపుందో తేల్చుకోవడం కష్టంగా ఉండేది.

ఎనభైల మొదట్లో నాకు పెళ్లయిన ఏడాది, నా భార్య మా బావి దగ్గర మల్బరీ నాటింది. వాళ్ల పుట్టింట్లో పట్టుపురుగులు పెంచేవారు. మా ఊళ్లో శెనక్కాయ తప్ప మరో పంట పేరెత్తితే జనం దిష్టి తీసేవారు. "పురుగులను చంపేదానికి మందు కొడతాం గానీ, మేపేదేందిరా?" అని నాయన నన్ను అడిగాడు. ఆమెను అడగలేదు. మా ఇళ్లలో కొత్త కోడలు మామతో మాట్లాడదు, మామా కోడలితో మాట్లాడడు. ఇద్దరి మధ్యా నేను తపాలా బంట్రోతును. చివరికి నాయన నా ద్వారా తీర్పు పంపాడు: "ఒక్క కాపు చూస్తా. పురుగులు సచ్చినాయంటే మల్బరీ పీకేసి శెనక్కాయ ఏస్తా." అప్పటికి ఆమె ఆ మొక్కలకు మోసిన నీళ్లతో ఒక చెరువు నిండేది. ఆ తీర్పు ఆమెకు అందించాను. ఆ పూట కూరలో ఉప్పు పడలేదు.

గుడ్డు పగిలి నాలుగు రోజులైనా కాని పిల్ల పురుగులను పుట్టింట్లో ఆమె తల్లి తట్టలో పెట్టి ఇచ్చింది. అవి పురుగులని నమ్మకం ఉన్నవాళ్లకే కనిపిస్తాయి, మిగతావాళ్లకు నలిపిన ఆకుమీద నువ్వులు చల్లినట్టుంటుంది. వాటికి చలి తగలకూడదు. ఎండెక్కాక బయలుదేరుదామంటే ఆ రోజు సంత, పొద్దెక్కేసరికి జీపు బాడుగకు పోవాలి. కాబట్టి చీకటి విడవకముందే కదిలాం. వెచ్చని సీటు పురుగులకు ఇచ్చాం. పెట్రోలు వాసన పైకి రాకుండా ఆమె బొక్క మీద ఇసక మూట పెట్టింది. ఇసక నెమ్మదిగా కాగింది. దాని మీద తట్ట, తట్ట మీద గొంగడి, అది జారకుండా గొంగడి కింద నా రెండు చేతులు; నేను సీటు మీద కాళ్లు ముడుచుకుని, ముందుకు వంగి కూర్చున్నాను. ఆమె వెనక సీట్లో, చీర కొంగు చెవులకు చుట్టుకుని, గాలికి మొత్తంగా దొరికిపోయి కూర్చుంది.

ఊరు దాటగానే నాయన చెవి మీదనుంచి బీడీ తీశాడు.

వెనకనుంచి నా వీపు మీద ఒక వేలు పడింది. "ఇదో, బీడీ పొగ తగిలితే ఒగటీ మిగలవు. చెప్పు."

"నాయనా, బీడీ..." అన్నాను.

"నీకూ కావల్నా? సిగ్గులేదంట్రా, నాయన్నే అడుగుతాండావు!"

"నాకు కాదు నాయనా."

"మరి పురుగులకా?"

అగ్గిపుల్ల గీశాడు. గాలి ఆర్పేసింది. ఇంకోటి గీశాడు. అదీ ఆరిపోయింది. అప్పటిదాకా మమ్మల్ని కొరుక్కుతిన్న గాలికి నా భార్య వెనకనుంచి మనసులో మొక్కుకుంటున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. కానీ నాయన గాలితో ముప్పై ఏళ్లుగా పోట్లాడుతున్న మనిషి. స్టీరింగును మోకాలికి అప్పజెప్పి, రెండు చేతులూ గూడులా చేసి గీశాడు. ఈసారి వెలిగింది.

"మామా!"

నేను కాదు. పురుగులు కాదు. జీపు కూడా ఉలిక్కిపడింది. నాయన బ్రేకు తొక్కాడు. మా జీపు బ్రేకు తొక్కగానే ఆగేది కాదు, కాసేపు ఆలోచించుకుని ఆగేది.

"వద్దు మామా," అంది ఆమె. "సచ్చిపోతాయి."

నాయన దిగి చీకట్లో వెనక్కి వెళ్లాడు. పోయి బీడీ తాగి వస్తాడనుకున్నాను. మల్బరీ చేను శెనక్కాయ చేను అయిపోయినట్టే ఆమె తల వంచుకుంది. అంతలో నీళ్ల చప్పుడు. రేడియేటరు కోసం పెట్టుకున్న డబ్బాలోని నీళ్లతో నాయన చేతులు కడుక్కుంటున్నాడు. మోచేతుల దాకా కడిగాడు. నోరు పుక్కిలించాడు. మీసం కూడా కడిగాడు. ఆ నీళ్లు ఇంకో రోంత చల్లగా ఉంటే కడుక్కోవడానికి వీలయ్యేది కాదు, కొరుక్కోవాల్సి వచ్చేది.

వచ్చి కూర్చుని, పళ్లు టకటకలాడుతుండగా, మొదటిసారి వెనక్కి తిరిగి అడిగాడు. "ఇంగేమేం పనికిరావమ్మా వాటికి?"

"అగరొత్తులు, సెంటు, మందు కొట్టిన చేతులు... గ్యాసునూనె, పెట్రోలు వాసన గూడా."

"అట్లయితే జీపును ఈడే ఇడిసిపెట్టి తట్ట నెత్తిన పెట్టుకోని పోదామా?"

ఆమె నవ్వింది. నాయనా నవ్వాడు. మధ్యలో తపాలా బంట్రోతు ఉద్యోగం ఊడిపోయింది, ఇంతవరకు మళ్లీ రాలేదు.

జీపు కదిలింది. నాయన చేతులు స్టీరింగును పట్టుకోలేక జారిపోతున్నాయి. ఆ తడి చేతులకు ఇప్పుడు బీడీ కూడా లేదు. కాస్త దూరం పోయాక వెనకనుంచి మళ్లీ మాట వచ్చింది.

"చేతులు కడుక్కున్నావు కదా మామా. గొంగడి కింద పెట్టుకోరాదా?"

నాయన నావైపు చూడకుండా ఎడమ చెయ్యి గొంగడి కిందికి తోశాడు. అది నా చేతికి తగిలింది. ఇనప ముక్కలా ఉంది. తీసేస్తాడనుకున్నాను. తీయలేదు. నాకు బుద్ధి తెలిశాక ఆయన చెయ్యి నేను అంతసేపు పట్టుకున్నది అప్పుడే. గేరు మార్చాల్సి వచ్చినా ఆ దారంతా ఆయన ఒకే గేరులో నడిపాడు. ఇంజను మూలిగింది. ఎద్దులబండ్లు దాటిపోయాయి. పోతే పోయాయి.

ఇల్లు చేరేసరికి తెల్లవారింది. ఆమె గొంగడి తీసింది. ముగ్గురం తట్ట మీదికి వంగాం. ఊపిరి తగలకుండా నాయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఏమీ కదల్లేదు. తర్వాత ఒక నువ్వు గింజ తల ఎత్తింది. దాని పక్కన ఇంకోటి. చూస్తూ ఉండగానే తట్ట తట్టంతా తలలెత్తి అటూ ఇటూ ఆడించింది.

"ఏమంటాండాయమ్మా?" నాయన తువ్వాలులోంచి అడిగాడు.

"ఆకలంట మామా."

సంతకు పోవాల్సిన జీపును వాకిట్లోనే వదిలేసి, నాయన ఆకు కోయడానికి బావి దగ్గరికి నడిచాడు.